సైబీరియా జిల్లా పటం చదవడం – 4వ పాఠం: నది వెంట ఊళ్లు

పోయిన పాఠంలో రష్యా పాలనా మెట్లు చూశాం: దేశం, దాని కింద క్రాయ్ లేదా ఒబ్లాస్ట్, ఆ కింద రాయోన్. రాయోన్‌ని జిల్లా అనుకుందామని చెప్పుకున్నాం. ఇప్పుడు ఒకే జిల్లా తీసుకుని, ఏ ఊరు ఎందుకు పుట్టిందో పటం చూసి పోల్చుకోవడం సాధన చేద్దాం. జిల్లా పేరు తురుఖాన్‌స్క్, క్రాస్నోయార్స్క్ క్రాయ్‌లోది. విస్తీర్ణం సుమారు 2,11,000 చదరపు కిలోమీటర్లు, అంటే నేటి ఆంధ్రప్రదేశ్ కన్నా పెద్దది. 2010 జనగణనలో అక్కడున్న జనం 18 వేల చిల్లర.

పటం తెరిచి, ఊళ్ల జోలికి పోకుండా ముందు యెనిసేయ్ నదిని దక్షిణం నుంచి ఉత్తరానికి వేలితో గీయండి. ఎడమ ఒడ్డు పల్లపు చిత్తడి నేల, కుడి ఒడ్డు పీఠభూమి. ఇక ఊళ్లు చూడండి: దాదాపు అన్నీ నదిని అంటుకునే ఉంటాయి. ఏడాది పొడవునా నడిచే రోడ్డు క్రాస్నోయార్స్క్ నుంచి ఇక్కడిదాకా లేదు. వేసవిలో పడవ, మిగతా కాలం విమానమో హెలికాప్టరో. రోడ్లతో ఊళ్లను వెతికే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు ప్రతి ఊరినీ ఒకటే అడగండి: దేనికోసం వచ్చావు?

మొదటి జవాబు బొచ్చుతోళ్లు. 1601లో తాజ్ నది మీద మంగజేయా కోట కట్టింది స్థానిక జాతుల నుంచి తోళ్ల పన్ను వసూలు చేయడానికే. 1672లో ఆ కోటను వదిలేసి తురుఖాన్ నది దగ్గరికి మారారు. 1607 నాటి చలికాలపు మకాం ఒకటి అక్కడ అప్పటికే ఉంది. ఆ కొత్త ఊరే తర్వాత తురుఖాన్‌స్క్ అయింది. ఇక్కడ జాగ్రత్త! నేటి తురుఖాన్‌స్క్ అది కాదు. పాత ఊరు క్షీణించాక, 20వ శతాబ్దంలో ఆ పేరూ హోదా దిగువ తుంగుస్కా నది యెనిసేయ్‌లో కలిసేచోట ఉన్న మొనస్తీర్‌స్కోయె గ్రామానికి దక్కాయి. ఆ గ్రామం 1660లో స్థాపించిన మఠం చుట్టూ పెరిగింది. పాత పుస్తకంలో తురుఖాన్‌స్క్ అని కనిపిస్తే, ముందు దాని ఏడాది చూసుకుని తర్వాతే పటం మీద వేలు పెట్టండి.

రెండో జవాబు శిక్ష. జారు ప్రభుత్వం స్టాలిన్‌ను కురేయ్కాకు ప్రవాసం పంపింది. 1929లో కలప రేవుగా మొదలైన ఇగార్కాను కట్టినవాళ్లలో బలవంతంగా తరలించిన రైతులు ఎందరో ఉన్నారు. సలేఖర్డ్ నుంచి ఇగార్కాకు వేయాలనుకున్న రైలుమార్గంలో 1949 తర్వాత ఖైదీలు చాకిరీ చేశారు. 1953లో స్టాలిన్ పోగానే పని ఆగింది. ఆ పనికి కేంద్రంగా ఉన్న యెర్మకోవో తర్వాత ఖాళీ అయిపోయింది. మనుషుల్ని తెచ్చి పడేసి, అవసరం తీరాక వదిలేసిన ఊరది. పటం మీద దాని దగ్గర కాసేపు ఆగడం న్యాయం.

మూడో జవాబు కరెంటు, చమురు: కురేయ్కా జలవిద్యుత్ కేంద్రం కోసం స్వెత్లోగోర్‌స్క్, 2009లో ఉత్పత్తి మొదలైన వాన్‌కోర్ చమురు క్షేత్రం.

ఈ మూడింటికీ లొంగనివి కొన్ని ఊళ్లున్నాయి. పెద్ద నదిని వదిలి యెలోగుయ్ ఉపనది మీదికి వెళ్తే కెల్లోగ్ కనిపిస్తుంది. అది కేత్ జనం ఊరు. 2010లో రష్యా అంతటా వాళ్లు 1,219 మందే. కోటలు రాకముందే ఈ నదుల మీద వేటాడి, చేపలు పట్టి బతికినవాళ్లు వాళ్లు. పన్ను రాసుకునేవాళ్ల చరిత్ర చదివితే ఈ ఊరు అంచున పడిపోతుంది. అందుకే పెద్ద నది అయ్యాక ఉపనదులన్నీ విడిగా ఒకసారి చూడాలి.

అభ్యాసం: ఇదే పటంలో వోరోగోవో, ఫార్కోవో ఎక్కడున్నాయో గుర్తించండి. ఒక్కోటి పెద్ద నది మీదుందా, ఉపనది మీదుందా రాసుకోండి. దాన్నిబట్టి ఏది ఎవరి ఊరో ఊహించి, కారణం ఒక వాక్యంలో రాయండి. 5వ పాఠం మీ జవాబులతోనే మొదలుపెడదాం.