మీ పేరువాళ్లు చరిత్రలో ఎవరున్నారో వెతకడం ఎలా?

నా పేరు భాస్కర్. బళ్లో లెక్కలు చెబుతాను. ఈ రెండూ ఒక మనిషిలో కలిస్తే ఏమవుతుందో ఏటా కొత్త తరగతి నాకు గుర్తుచేస్తుంది. పాఠంలో భాస్కరాచార్యుడి పేరు రాగానే వెనక బెంచీలోంచి ఎవడో ఒకడు "సార్, మీ తాతగారా?" అంటాడు, మిగతావాళ్లు గొల్లుమంటారు. వాళ్ల నోరు మూయించడానికి "ఏ భాస్కరాచార్యుడి గురించి అడుగుతున్నావురా?" అని ఎదురు ప్రశ్న వేయడం మొదలుపెట్టాను. అసలు వెతుకులాట అక్కడే ఉంది. పేరు దొరకడం చాలా తేలిక. దొరికినవాళ్లలో ఎవరు ఎవరో విడదీయడమే పని.

ముందు మీ పేరును విప్పుకోండి. రికార్డుల్లో నేను వెంకట భాస్కరరావుని. ఆ పేరు అలాగే కొడితే నా ఈడువాళ్లూ, మా నాన్న ఈడువాళ్లూ తప్ప ఎవరూ రారు. రాజకీయాలు గుర్తున్నవాళ్లకైతే నాదెండ్ల భాస్కరరావు, 1984 ఆగస్టు 16 నుంచి సరిగ్గా నెల రోజుల ముఖ్యమంత్రి పదవి మెదులుతాయి. అంతకంటే వెనక్కి వెళ్లాలంటే ముందున్న 'వెంకట'నీ, వెనకున్న 'రావు'నీ తీసి, మిగిలిన పేరుకు పాతకాలపు తోకలు తగిలించాలి. భాస్కర భట్టు, భాస్కర మంత్రి, భాస్కర దండనాయకుడు, భాస్కర కవి, భాస్కర వర్మ, భాస్కర రాయ, భాస్కర పండిత్. ఒక్కో తోక ఒక్కో లోకంలోకి తీసుకెళ్తుంది. 'వర్మ' అని వెతికితే ఏడో శతాబ్దిలో కామరూపాన్ని, అంటే ఇప్పటి అస్సాం ప్రాంతాన్ని, ఏలిన భాస్కరవర్మ దొరికాడు. హర్షుడి మిత్రుడు, చైనా యాత్రికుడు హ్యుయాన్ త్సాంగ్‌ను తన కొలువుకు పిలిపించుకున్న రాజు, నిధాన్‌పూర్ రాగిరేకులు వేయించినవాడు. 'సేతుపతి' అని వెతికితే రామనాథపురం రాజా భాస్కర సేతుపతి (1868–1903). వివేకానందుడిని చికాగో వెళ్లమని ప్రోత్సహించింది ఆయనే. ఆయనకంటే ఏడాది చిన్న భాస్కర్‌బువా బఖలే (1869–1922) హిందుస్థానీ గాయకుడు, మరాఠీ రంగస్థల నటగాయకుడు బాలగంధర్వకు గురువు. 'బువా' అనే తోక తగిలించకపోతే ఆయన నా కంటపడేవాడు కాదు.

వర్ణక్రమం కూడా మార్చి మార్చి వెతకాలి. కోల్‌బ్రూక్ 1817లో లండన్‌లో అచ్చువేయించిన భాస్కరాచార్యుడి గణిత గ్రంథాల అనువాదంలో ఇంగ్లీషు అక్షరాల్లో మా పేరు మధ్య 'కె' ఉండదు, 'సి' ఉంటుంది. ఆ కాలపు పుస్తకాలను ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో వెతికేటప్పుడు ఈ సంగతి తెలియకపోతే సగం పుస్తకాలు కంటికి ఆనవు. దక్షిణానికి వెళ్తే ఇంకా చిత్రం. యూదు నాయకుడు జోసెఫ్ రబ్బాన్‌కు హక్కులు రాసిచ్చిన చేర రాజు భాస్కర రవివర్మ, ఆ రాగిరేకుల్లో 'పార్కరన్ ఇరవివన్మన్'గా కనిపిస్తాడు. వెతుకులాట యంత్రానికి ఆ పార్కరుడు భాస్కరుడని తెలిసే దారి లేదు, మనమే ఆ రూపం కొట్టి అడగాలి. మీ పేరులో 'ష', 'శ', 'ఋ', 'జ్ఞ' ఉంటే ఈ బాధ రెట్టింపు. కాగితం మీద అన్ని రూపాలూ రాసుకుని ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోవడం మంచిది.

ఇక ఎక్కడ వెతకాలి? అందరూ వెళ్లే చోటికే ముందు వెళ్లండి, తప్పు లేదు. వికీపీడియాలో 'అయోమయ నివృత్తి' అనే పేజీలుంటాయి, ఒకే పేరున్న మనుషులనూ ఊళ్లనూ సినిమాలనూ అక్కడ గుదిగుచ్చి పెడతారు. అరగంటలో తొలి జాబితా తయారవుతుంది. కాకపోతే అక్కడ ఉండేది ఇప్పటికే పేరుపడ్డవాళ్లు. మిగతావాళ్లు పుస్తకాల చివరి పుటల్లో ఉంటారు.

చివరి పుటలంటే పేర్ల సూచిక. శాసన సంపుటాలు ఎవరూ మొదటి నుంచి చదవరు, చదవక్కర్లేదు కూడా. 'ఎపిగ్రాఫియా ఇండికా' అయినా, దక్షిణ భారత శాసనాల సంపుటాలైనా, చివర మనుషుల పేర్లూ ఊళ్ల పేర్లూ అక్షరక్రమంలో ఇస్తారు. దక్షిణ భారత శాసనాల్లో పదో సంపుటం మొత్తం తెలుగు శాసనాలే. అందులో రాజులే ఉండరు. గుడికి దీపం పెట్టించినవాడు, గొర్రెలు దానమిచ్చినవాడు, శాసనం చెక్కినవాడు, సాక్షి సంతకం పెట్టినవాడు, అందరూ ఉంటారు. నాకు రాజులకంటే వీళ్లే ఇష్టం. సంస్కృత గ్రంథకర్తల కోసమైతే థియోడర్ ఆఫ్రెక్ట్ 1891–1903 మధ్య మూడు భాగాలుగా వెలువరించిన 'కేటలోగస్ కేటలోగోరమ్' ఉంది. ఒకే పేరున్న రచయితలను ఫలానావాడి కొడుకు, ఫలానావాడి శిష్యుడు అంటూ విడివిడిగా చూపిస్తుంది. తెలుగు కవులకు కందుకూరి వీరేశలింగం 'ఆంధ్ర కవుల చరిత్రము' ఇప్పటికీ మంచి ప్రారంభం. ఇవన్నీ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి.

దొరికిన ప్రతి పేరుకూ నాలుగు ప్రశ్నలు వేయండి. ఎవరి కొడుకు లేదా కూతురు, ఎక్కడివాడు, ఏ కాలంవాడు, ఏం చేశాడు. కనీసం రెండింటికి జవాబు రానివాడిని పక్కన పెట్టండి. ఈ పద్ధతి ఎందుకంటే, మా పేరులోనే ఇద్దరు గణితజ్ఞులున్నారు. ఇద్దరికీ ఐదువందల ఏళ్ల ఎడం. ఒకరు 629లో ఆర్యభటీయానికి వ్యాఖ్యానం రాసినాయన, 'మహాభాస్కరీయం', 'లఘుభాస్కరీయం' కర్త. రెండోవారు 'లీలావతి', 'బీజగణితం' ఉన్న 'సిద్ధాంత శిరోమణి' రాసినాయన. ఒకటో భాస్కరుడు, రెండో భాస్కరుడు అనే అంకెలు మనవాళ్లు ఈమధ్య తగిలించినవే. బతికుండగా ఎవరికీ తాను 'ఒకటో'వాడినని తెలియదు కదా! అంతరిక్ష సంస్థ మటుకు ఇద్దరికీ న్యాయం చేసింది. 1979 జూన్‌లో భాస్కర-1, 1981 నవంబరులో భాస్కర-2 ఉపగ్రహాలు పైకి వెళ్లాయి.

కాలం తేల్చడానికి ఒక్కోసారి మన పేరువాడే సాయం చేస్తాడు. రెండో భాస్కరుడు తన పుట్టిన ఏడు తానే శ్లోకంలో చెప్పుకున్నాడు:

రసగుణపూర్ణమహీసమ శకనృపసమయేఽభవన్మమోత్పత్తిః
రసగుణవర్షేణ మయా సిద్ధాంతశిరోమణీ రచితః

ఇందులో మాటలే అంకెలు. రసాలు ఆరు, గుణాలు మూడు, పూర్ణం సున్న, మహి అంటే భూమి, అది ఒక్కటే. ఇలాంటి లెక్కల్లో అంకెలు కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలి. 6, 3, 0, 1 వరసను తిప్పితే 1036. అది శక సంవత్సరం. దానికి 78 కలిపితే 1114. రెండో పాదంలో మళ్లీ రసగుణ, అంటే 36 ఏళ్ల వయసులో పుస్తకం రాశాను అంటున్నాడు. అంటే 1150. తరగతిలో ఈ శ్లోకం బోర్డు మీద రాసి పిల్లలచేతే ఏడు తీయిస్తాను. శాసనాల్లోనూ కావ్యాల్లోనూ ఇలా మాటల్లో దాచిన తేదీలు బోలెడు. మీ పేరువాడి తేదీ ఇలా కనిపిస్తే భయపడకండి. శకానికి 78 కలపడమే, జనవరి నుంచి ఉగాది దాకా పడే రోజులకైతే 79.

కుటుంబం సంగతి తేల్చేది శాసనం. మహారాష్ట్రలో చాళీస్‌గావ్ దగ్గర పాటణ్‌లో 1207 నాటి శాసనం ఒకటుంది. రెండో భాస్కరుడి మనవడు చాంగదేవుడు, తాతగారి గ్రంథాలు చదివించడానికి మఠం పెట్టించిన సందర్భం అది. అందులో వంశక్రమం ఇచ్చారు: త్రివిక్రముడు, ఆయన కొడుకు భాస్కరభట్టు, తర్వాత గోవిందుడు, ప్రభాకరుడు, మనోరథుడు, మహేశ్వరుడు, ఆయన కొడుకు మన భాస్కరుడు. చూశారా, ఒకే ఇంట్లో ఇద్దరు భాస్కరులు! పాతాయనకు భోజరాజు 'విద్యాపతి' బిరుదు ఇచ్చాడని కూడా ఆ శాసనమే చెబుతుంది. తండ్రి పేరు అడగకుండా వదిలేస్తే భోజరాజు బిరుదు తీసుకొచ్చి లీలావతి కర్త మెడలో వేసేస్తాం.

పుస్తకం పేరులో మీ పేరుంటే సంబరపడిపోకండి. 'భాస్కర శతకం' రాసింది భాస్కరుడు కాడు, మారద వెంకయ్య. పద్యం చివర 'భాస్కరా' అని పిలిచేది సూర్యుడిని. శతకాల్లో మకుటం పేరు చాలాసార్లు దేవుడిదే, రచయిత కోసం వేరేగా వెతకాలి. మరోవైపు 'భాస్కర రామాయణం'లో భాస్కరుడు నిజంగానే ఉన్నాడు, కాని ఒక్కడే లేడు. హుళక్కి భాస్కరుడితోపాటు కొడుకు మల్లికార్జునభట్టు, శిష్యుడు కుమార రుద్రదేవుడు, స్నేహితుడు అయ్యలార్యుడు కలిసి పూర్తిచేశారు. ఇది చాలదన్నట్టు, తిక్కన తన తాతను 'మంత్రిభాస్కరు మత్పితామహుని' అని తలచుకున్నాడు. ఆ మంత్రి భాస్కరుడికీ రామాయణానికీ ముడిపెట్టి పండితులు పుటలకు పుటలు వాదించుకున్నారు. ఇలాంటి తగాదా మీ పేరు మీద దొరికితే మీ అదృష్టం. రెండు పక్షాల వాదనలూ చదివితే చాలు, ఆ కాలం గురించి ఏ పాఠ్యపుస్తకమూ చెప్పనంత తెలుస్తుంది.

కథలను కథలుగా రాసుకోండి. లీలావతి భాస్కరుడి కూతురనీ, ముత్యం పడి ఘటికాయంత్రం, అంటే నీటి గడియారం, రంధ్రం మూసుకుపోయి పెళ్లి ముహూర్తం తప్పిందనీ అందరూ చెబుతారు. ఆ కథ భాస్కరుడి పుస్తకంలో లేదు. 1587లో అక్బరు కొలువులోని కవి ఫైజీ చేసిన పారశీక అనువాదంలో ఉంది. నాలుగు శతాబ్దాలకు పైగా తర్వాత! కథ ఎక్కడ మొదటిసారి కనబడిందో ఒక తేదీ పక్కన రాసిపెట్టుకుంటే గొడవ ఉండదు.

అందరూ మంచివాళ్లే దొరకరు. నాగపూర్ భోంస్లేల సేనాని భాస్కర్ రామ్ కోల్హట్కర్, 1742లో బెంగాల్ మీద పడి ఊళ్లు దోచినవాడు. 1744లో నవాబు అలీవర్దీ ఖాన్ మాటలకని పిలిచి చంపించాడు. గంగారాముడనే బెంగాలీ కవి 'మహారాష్ట్ర పురాణం' అని రాస్తే, అందులో మిగిలిన భాగం పేరు 'భాస్కర పరాభవం'. నా పేరు పక్కన పరాభవం! జాబితాలోంచి ఇలాంటివాళ్లను కొట్టేయాలనిపిస్తుంది. కొట్టేయకండి. నిజానికి ఆయన గురించి దొరికినంత సమాచారం సేతుపతి గురించి కూడా దొరకలేదు. ఎందుకంటే దెబ్బతిన్నవాళ్లు బాగా గుర్తుపెట్టుకుంటారు.

ఆడపిల్లల పేర్లకు దారి కొంచెం వేరు. శాసనాల్లో స్త్రీలు తరచు ఎవరో ఒకరి తల్లిగా, భార్యగా, కూతురుగా నమోదవుతారు, కాబట్టి బంధుత్వం వైపు నుంచి రావాలి. నాసిక్ గుహ శాసనంలో బాలశ్రీ కనబడేది గౌతమీపుత్ర శాతకర్ణి తల్లిగానే. ఏలికలైనా ఇబ్బందే. రుద్రమ అనే పేరుతో మాత్రమే వెతికితే కాకతీయ రాణి శాసనాలు కొన్ని జారిపోతాయి, వాటిలో ఆమె రుద్రదేవ మహారాజు. ఇక ఈ కాలపు పేర్లు, రెండక్షరాల ముద్దుపేర్లు పెట్టుకున్నవాళ్లకు శాసనాల్లో ఏమీ దొరక్కపోవచ్చు. మీ పూర్తి పేరులో వాడని ముక్క ఏదైనా ఉందేమో చూడండి. చాలామందికి ఒక తాతో అమ్మమ్మో అందులో దాక్కుని ఉంటారు. అది పట్టుకుని మొదటి నుంచి రండి.

జాబితా తయారయ్యాక ఒక్కరినే ఎంచుకుని, వాళ్లు చేసిన పని కొంచెం మీ చేత్తో చేసి చూడండి. కవి అయితే ఒక పద్యం అర్థం విప్పుకోండి, రాజయితే ఒక శాసనం పూర్తిగా చదవండి. నేను ఒకటో భాస్కరుడిని ఎంచుకున్నాను. కోణం 'సైన్' విలువకు పట్టిక అక్కర్లేని సూత్రం 'మహాభాస్కరీయం'లో ఇచ్చాడు. కోణాన్ని 180లోంచి తీసివేయి, వచ్చినదాన్ని కోణంతో గుణించు. ఆ లబ్ధానికి నాలుగు రెట్లు పైన పెట్టు, 40500లోంచి ఆ లబ్ధాన్ని తీసివేసి కింద పెట్టు. 30 డిగ్రీలు తీసుకోండి: 30ని 150తో గుణిస్తే 4500. పైన 18000, కింద 36000. సరిగ్గా సగం. 90 డిగ్రీలకు పైనా కిందా 32400, అంటే ఒకటి. 45 డిగ్రీలకు మాత్రం 0.7059 వస్తుంది, అసలు విలువ 0.7071. తేడా మూడో దశాంశ స్థానంలో.