నీహారికల ఛాయాచిత్రణం – ఆరవ పాఠం: టవర్ దీపం చేసిన మోసం

గత పాఠంలో ఒరాయన్ నక్షత్ర రాశిలోని వాయు, ధూళి మేఘమైన ఒరాయన్ నీహారికను, అంటే ఎం42ను, ఒక్కొక్కటి 30 సెకన్ల చొప్పున 40 ఫొటోలుగా తీసి పంపమని చెప్పాను. ఆ నలభైని కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి పేర్చడం ఈసారి నేర్పాలనుకున్నాను గానీ, మీ నుంచి వచ్చినవి చూశాక దానిని వచ్చే పాఠానికి వాయిదా వేయక తప్పలేదు. సగానికి పైగా ఫొటోల్లో నక్షత్రాలు చుక్కల్లా కాక, నడుమ చిల్లు ఉన్న మినపగారెల్లా ఉన్నాయి. వాటిని నలభై కాదు, నాలుగు వందలు పేర్చినా వచ్చేవి గారెలే.

చాలామంది నక్షత్రాల వెంట టెలిస్కోపును తిప్పే మౌంటు సరిగ్గా తిరగడం లేదనీ, దాని ఇరుసుకు ధ్రువ నక్షత్రం మీద గురి కుదరలేదనీ రాశారు. ఆ అనుమానం సహజమే. నల్లగొండ నుంచి ధ్రువ నక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే, అంటే చేయి చాచి పట్టుకున్న రెండు పిడికిళ్లకన్నా తక్కువ ఎత్తులో ఉంటుంది కనుక, ఉత్తరాన వేపచెట్టో పక్కింటి నీళ్ల ట్యాంకో అడ్డు వస్తే అసలు కనిపించదు. అయితే గురి తప్పితే నక్షత్రం గీతగా సాగుతుంది, ఫొటోలోని నక్షత్రాలన్నీ ఒకే వైపుకు సాగుతాయి, లేదా ఒక బిందువు చుట్టూ వంపు తిరుగుతాయి. గుండ్రంగా ఉబ్బి నడుమ నల్లగా ఉంటే అది ఫోకస్ తప్పు తప్ప మరొకటి కాదు. ఆ నలుపు న్యూటోనియన్ గొట్టంలోని, అంటే అద్దాలతో పనిచేసే మన టెలిస్కోపులోని, చిన్న అద్దం నీడ. మిర్యాలగూడ, హాలియా వైపు నుంచి వచ్చిన కొన్నింటిలో నక్షత్రాల చుట్టూ పాలచాయలాంటి వలయాలున్నాయి. అవి కాలువ కింది పొలాల గట్ల మీద కూర్చున్నందువల్ల అద్దానికి పట్టిన మంచు, దాని సంగతి వేరు.

ఫోకస్ ఎలా కుదిర్చారని అడిగితే వచ్చిన జవాబు దాదాపు ఒకటే: ఊరి అవతల సెల్ టవర్ మీది ఎర్ర దీపాన్ని చూసి కుదిర్చి, ఫోకస్ కదలకుండా పట్టే మర బిగించి, ఆ తర్వాత దానిని ముట్టుకోలేదట. తప్పులో నాకూ వాటా ఉంది. నాలుగో పాఠంలో ‘పగటి వెలుగు పోకముందే దూరపు దీపం మీద ఫోకస్ సరిచూసుకోండి’ అని రాశాను. నా ఉద్దేశం కెమెరా తగిలించిన చిన్న గొట్టం ఎంతవరకు బయటికి రావాలో సుమారుగా తెలుసుకోవడం. మీరు దానినే ఆఖరి మాటగా తీసుకున్నారు.

టవర్ మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటే కంటికి అది అనంత దూరమే, టెలిస్కోపుకు మాత్రం కాదు. ఈ పాఠాల్లో మనం పెట్టుకున్నది 750 మిల్లీమీటర్ల నాభ్యంతరం (అద్దం నుంచి నక్షత్రపు బింబం పడే చోటికి ఉన్న దూరం), 150 మిల్లీమీటర్ల అద్దం ఉన్న ఎఫ్/5 గొట్టం, 750ని 150తో భాగిస్తే వచ్చేదే ఆ ఐదు. నాభ్యంతరాన్ని దానితోనే హెచ్చవేసి వస్తువు దూరంతో భాగిస్తే, ఆ వస్తువు బింబం నక్షత్రపు బింబంకన్నా ఎంత వెనక్కి, అంటే గొట్టం బయటి వైపుకు, పడుతుందో తెలుస్తుంది. 750ని 750తో హెచ్చవేస్తే 5,62,500. మూడు కిలోమీటర్లంటే 30,00,000 మిల్లీమీటర్లు. భాగిస్తే 0.19 మిల్లీమీటరు వస్తుంది. మన గొట్టం ఎఫ్/5 కాబట్టి, ఫోకస్ ఎంత తప్పిందో దానిలో ఐదో వంతు వెడల్పున నక్షత్రం పరుచుకుంటుంది, అంటే 38 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 24 మెగాపిక్సెళ్ల సాధారణ కెమెరాలో ఒక పిక్సెల్ సుమారు 3.7 మైక్రాన్లు ఉంటుంది గనుక మీ నక్షత్రం పది పిక్సెళ్ల పళ్లెమైంది. టవర్ ఒక్క కిలోమీటరు దూరంలోనే ఉంటే అది ముప్పై పిక్సెళ్లు. నాగర్‌కర్నూల్ నుంచి ఒకరు పంపిన ఫొటోలో నేను లెక్కపెడితే ఇరవై ఎనిమిది వచ్చాయి. ఆ టవర్ ఎంత దూరమో ఆయన చెప్పలేదు, చెప్పనక్కర కూడా లేదు.

ఇంకొక విషయం ముగ్గురు రాశారు: తెల్లవారుజామున తీసిన ఫొటోలు కాస్త మెరుగ్గా వచ్చాయనీ, అప్పటికి గాలి నెమ్మదించి ఉంటుందనీ. గాలి కాదు, గొట్టం చల్లబడింది. ఉక్కు గొట్టం ప్రతి డిగ్రీకి మీటరుకు 12 మైక్రాన్ల చొప్పున కుంచించుకుపోతుంది. సాయంత్రానికీ వేకువకూ పది డిగ్రీల తేడా ఉంటే, 750 మిల్లీమీటర్ల పొడవు మీద అది 0.09 మిల్లీమీటరు. అద్దం అంత దగ్గరికి జరిగితే బింబం అంత బయటికి వస్తుంది. టవర్‌ను చూసి మీరు కెమెరాను 0.19 మేర బయటికి లాగి పెట్టారు కనుక, చలి మీ తప్పును సగం దిద్దింది. అదే ఫోకస్‌ను సాయంత్రం ఏడింటికి నక్షత్రం మీద సరిగ్గా కుదిర్చి వదిలేసినవారికి ఇదే చలి ఎదురు తిరిగి, వేకువకు ఐదు పిక్సెళ్ల ఉబ్బు తెచ్చిపెడుతుంది. దేవరకొండ దగ్గర ఒక కందిచేను గట్టు మీద నేను నాలుగు గంటల ఫొటోలు ఇలాగే పోగొట్టుకున్నాను. కెమెరా వెనుక ఉన్న చిన్న తెర మీద అన్నీ సూది మొనల్లా కనిపించాయి. ఇంటికి వచ్చి పెద్దది చేసి చూస్తే అర్ధరాత్రి తర్వాతివేవీ పనికి రాలేదు.

ఇక సరైన పద్ధతి. రష్యా ఔత్సాహికుడు పావెల్ బాఖ్తినోవ్ రూపొందించిన చీలికల మూత ఒకటి చేయించుకోండి. నమూనా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, నాభ్యంతరం, అద్దం వెడల్పు ఇస్తే చాలు. బ్లేడుతో నల్ల చార్టు కోసుకోవచ్చుగానీ, నంబరు ప్లేట్లు కోసే రేడియం షాపులో పలుచని ప్లాస్టిక్ రేకు మీద కోయించడం నాకిష్టం, ఎందుకంటే మంచుకు చార్టు మెత్తబడి వంగిపోతుంది. దానిని గొట్టం నోటికి తగిలించి, ఒరాయన్‌లోని ప్రకాశవంతమైన నక్షత్రం రైజెల్ వైపు తిప్పండి. అది ఎం42కు ఆరు డిగ్రీల దూరంలోనే ఉంది గనుక, ఆకాశంలో ఎక్కడికో పోయి రానక్కరలేదు. కెమెరా తెర మీది లైవ్ వ్యూలో పది రెట్లు పెద్దది చేస్తే నక్షత్రం నుంచి మూడు గీతలు కనిపిస్తాయి: రెండు ఇంటూ గుర్తులా ఒకదానినొకటి దాటుతాయి, మూడోది వాటి నడుమ అటూ ఇటూ జరుగుతుంది. అది సరిగ్గా వాటి కూడలిలో నిలిచినప్పుడే ఫోకస్ కుదిరినట్టు. మర బిగించేటప్పుడు కెమెరా ఉన్న చిన్న గొట్టం కొద్దిగా కదులుతుంది కనుక, బిగించాక మళ్లీ చూడండి. ఆ తర్వాత మూత తీయండి. నవ్వకండి, ఈసారి వచ్చిన వాటిలో రెండు మూతతోనే తీసినవి.

1880 సెప్టెంబరు 30న అమెరికా ఔత్సాహిక ఖగోళ పరిశీలకుడు హెన్రీ డ్రేపర్ ఇదే నీహారికను తొలిసారి ఫొటో తీసినప్పుడు దాదాపు 50 నిమిషాల ఒకే ఎక్స్‌పోజరు ఇచ్చారు. నడుమలో ఆపి సరిచూసుకునే వీలు ఆయనకు లేదు. మనం ముక్కలుగా తీస్తున్నాం కాబట్టి గంటకొకసారి, సాయంత్రం మొదటి రెండు గంటల్లో అరగంటకొకసారి, మూత తగిలించి చూసుకోవాలి. మూడు నిమిషాల పని.

నీహారిక నడుమ తెల్లగా మాడిపోయిందన్న ఫిర్యాదుకు జవాబు చిన్నది: అక్కడి నాలుగు నక్షత్రాల గుంపు కోసం రెండేసి సెకన్లవి ఇరవై అదనంగా తీసి పక్కన ఉంచండి.

అభ్యాసానికి రెండు అమావాస్య రాత్రులు కావాలి, వాటిలో నీహారిక జోలికి పోకూడదు. మొదటి రాత్రి ఏడున్నరకు రైజెల్ మీద ఫోకస్ కుదిర్చి, మర ముట్టుకోకుండా, ఒంటిగంట దాకా ప్రతి అరగంటకు అదే నక్షత్రం చుట్టూ ఐదు సెకన్ల ఫొటో ఒకటి తీసి, పక్కన వేలాడదీసిన థర్మామీటరు అంకెను రాసుకోండి. ఒంటిగంట దాటితే రైజెల్ పడమరకు వాలి, కింది గాలి వల్ల ఉబ్బుతుంది, దానితో లెక్క చెడుతుంది. రెండో రాత్రి అదే పని, కానీ ప్రతిసారీ మూతతో సరిచేసి తీయండి. రెండింటిలోనూ రైజెల్‌ను వదిలి పక్కనున్న ఒక చిన్న నక్షత్రాన్ని ఎంచుకుని, దాని వెడల్పును పిక్సెళ్లలో కొలిచి, ఉష్ణోగ్రత పక్కన రాసిన ఆ రెండు పట్టికలనే పంపండి. ఫొటోలు వద్దు.