నా క్వెరీ లెటర్ ఎక్కడ తప్పిందంటే

నా నవల చదువుతారా అని అడిగే ఉత్తరాన్ని (అదే క్వెరీ లెటర్), రచయితల తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే 18 మంది లిటరరీ ఏజెంట్లకు పంపాను. ఒక్కరూ నవల అడగలేదు. రాసిందే బాగాలేదేమోనని చాలా రోజులు కుమిలిపోయాను. తీరా ఉత్తరం మళ్ళీ చదివితే, మొదటి పేరా నిండా "మనిషి ఒంటరితనాన్ని తడిమే కథ" లాంటి మాటలే. కథ ఎవరిదో మూడో పేరా దాకా తెలియదు!

అదంతా కొట్టేసి ఇలా మొదలుపెట్టాను: "తండ్రి పోయాక ఇల్లు అమ్మడానికి వచ్చిన కూతురికి, అందులో అద్దెకుంటున్నావిడ తనకు తెలియని అక్క అని తెలుస్తుంది." ఆ కూతురికి ఏం కావాలి, ఏది అడ్డు, ఓడిపోతే ఏం పోతుంది, అంతవరకే చెప్పాను. ముగింపు చెప్పాల్సింది సినాప్సిస్‌లో, అంటే విడిగా రాసే పూర్తి కథా సారాంశంలో. ఉత్తరం 700 పదాల నుంచి 300కి దిగింది. జానర్, నిడివి, నా నవలతో పోల్చదగ్గ, ఈమధ్య వచ్చిన రెండు నవలల పేర్లు ఒక్క వాక్యంలో సర్దాను.

ఈసారి ఐదుగురికే పంపాను. ఇద్దరు పూర్తి నవల అడిగారు.