అయాన్ సోర్స్ మరమ్మతు – 4వ పాఠం: ఇన్సులేటర్‌కు ఏ పదార్థం?

గత పాఠంలో అయాన్ సోర్స్‌ను, అంటే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో నమూనాను అయాన్లుగా మార్చే భాగాన్ని, విప్పి లోహ భాగాలను శుభ్రం చేశాం. ట్రేలో ఇక తెల్లని ఉంగరాలు, చిన్న గొట్టాలు మిగిలాయి. విద్యుత్తును అడ్డుకునే ఇన్సులేటర్లు ఇవే. ఒకదాన్ని పట్టకారుతో ఎత్తి, వెలుతురులో తిప్పి చూడండి. ఫిలమెంట్ (ఎలక్ట్రాన్లను వెదజల్లే వేడి తీగ) వైపున్న ముఖం బూడిద రంగుకు తిరిగి, వెనక వైపు తెల్లగానే ఉందా? అలాగైతే పదార్థం చెడలేదు, పైన పొర పేరుకుంది. అది నమూనాల నుంచి వచ్చిన కార్బన్ కావచ్చు, ఫిలమెంట్ నుంచి ఎగసిన లోహం కావచ్చు.

ఆ పొర నిరోధం 1 మెగోమ్ అనుకుందాం. రిపెల్లర్‌పై (అయాన్లను బయటికి నెట్టే లోహ భాగం) 30 వోల్టులుంటే 30 మైక్రోఆంపియర్లు దాని గుండా కారిపోతాయి. వోల్టేజీ అందించే సర్క్యూట్ బలహీనమైనదైతే ట్యూనింగ్ నిలకడ తప్పుతుంది. సాధారణ మల్టీమీటర్ కొద్ది వోల్టులతోనే కొలుస్తుంది కాబట్టి దాన్ని నమ్మకండి. భాగాన్ని విడిగా తీసి 500 వోల్టుల మెగ్గర్‌తో (ఎక్కువ వోల్టేజీ పెట్టి నిరోధం కొలిచే పరికరం) పరీక్షించండి.

అల్యూమినాకు (అల్యూమినియం ఆక్సైడ్ సెరామిక్) పట్టిన కార్బన్‌ను గాలి ఆడే ఫర్నేసులో మెల్లగా వేడి పెంచి కాల్చేయవచ్చు. లోహపు పొరకు ఆ ఉపాయాన్ని నమ్ముకోలేం, మార్చడమే మేలు.

మార్చాల్సి వస్తే నా మొదటి ఎంపిక అల్యూమినాయే. చిక్కల్లా దాన్ని కోయడానికి వజ్రపు పనిముట్లు కావాలి. అందుకే చాలామంది మేకార్ వైపు మొగ్గుతారు. మైకా స్ఫటికాలు కలిసిన ఈ గాజు సెరామిక్‌ను మామూలు లేత్ మీదే తయారు చేసుకోవచ్చు, తర్వాత కాల్చనక్కరలేదు, 800 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది. కానీ అది అల్యూమినాలో దాదాపు ఇరవయ్యో వంతు వేడినే ప్రసరింపజేస్తుంది. హీటర్ బ్లాక్ వేడి ఇన్సులేటర్ గుండానే అవతలి భాగానికి చేరాల్సిన చోట మేకార్ పెడితే ఆ భాగం చల్లగా ఉండిపోతుంది, మలినాలు అక్కడే పేరుకుంటాయి. వేడిని ఆపాల్సిన చోట అదే గుణం వరం. సన్నని మరలు మాత్రం కోయకండి, విరుగుతాయి.

ప్లాస్టిక్‌ల సంగతి క్లుప్తంగా: పీక్ (PEEK) 143 డిగ్రీల సెల్సియస్ దాటితే బిగువు కోల్పోతుంది, టెఫ్లాన్ స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా సాగిపోతుంది, వెస్పెల్ వేడికి ఓర్చుకున్నా తేమ పీల్చి వాక్యూమ్‌ను ఆలస్యం చేస్తుంది. వీటిని వేడి సోర్స్‌కు దూరంగా వాడండి.

రెండు జాగ్రత్తలు. గుర్తు కోసం పెన్సిల్ వాడకండి, గ్రాఫైట్ గీత విద్యుత్తుకు దారి ఇస్తుంది. ఏమిటో తెలియని పాత సెరామిక్‌ను అరగదీయకండి, అది బెరీలియా (బెరీలియం ఆక్సైడ్) అయితే ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం.

అభ్యాసం: మీ సోర్స్‌లోని ప్రతి ఇన్సులేటర్‌కు ఉష్ణోగ్రత, వోల్టేజీ, ఫిలమెంట్‌కు ఎదురుగా ఉందా లేదా అనే మూడు విషయాలు రాసుకోండి. ఎదురుగా ఉన్నవాటికి ఆవిరి చేరని గాడి ఎలా చెక్కించాలో 5వ పాఠంలో చూద్దాం.