ఉబుంటు తీసేశాక ల్యాప్‌టాప్ బూట్ అవడం లేదా? ఫార్మాట్ జోలికి వెళ్లకండి

కాకినాడ, భీమవరం, అమలాపురం వైపు ఇంజనీరింగ్ పిల్లలు ల్యాబ్ కోసం విండోస్ పక్కనే ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటారు. సెమిస్టర్ అయ్యాక డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఆ పార్టిషన్‌ని డిలీట్ కొడతారు. రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద ‘గ్రబ్’ అని ఒక్క మాట. షాపుకి పట్టుకెళ్తే ‘విండోస్ పోయిందండి, ఫార్మాట్ కొట్టేద్దాం’ అంటారేమో, ఒప్పుకోకండి. పోయింది ఉబుంటు ఒక్కటే అయితే విండోస్, మీ ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

గ్రబ్ అంటే ఆన్ చేయగానే ఉబుంటునో విండోస్‌నో తెరిచే చిన్న ప్రోగ్రామ్. దాని మొదటి ముక్క ఈఎఫ్ఐ పార్టిషన్‌లో, అంటే బూట్ ఫైళ్లు ఉండే చిన్న పార్టిషన్‌లో ఉంటుంది. గ్రబ్‌కి కావాల్సిన సెట్టింగులేమో ఉబుంటు పార్టిషన్‌లో ఉండేవి. అవి పోయాయి, ముక్క మిగిలింది, బయోస్ ఇంకా దాన్నే ముందు పిలుస్తోంది.

ముందు సులువైన పని. పవర్ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ వరసగా నొక్కండి: డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లోనూ ఎఫ్12నే గానీ, చాలా మోడళ్లలో దాన్ని ముందు బయోస్‌లో ఎనేబుల్ చేయాలి. జాబితాలో ‘విండోస్ బూట్ మేనేజర్’ ఉంటే ఎంచుకోండి. విండోస్ వచ్చిందా? బయోస్‌లో బూట్ ఆర్డర్‌లో దాన్ని పైకి జరిపేస్తే చాలు.

ఇక్కడ 48 అంకెల బిట్‌లాకర్ (డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్) కీ అడిగితే కంగారు పడకండి. బూట్ తీరు మారిందని అడుగుతోంది, అంతే. చాలావరకు అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూడండి.

విండోస్ బూట్ మేనేజర్ జాబితాలోనే లేకపోతే 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. ఖాళీదే తీసుకోండి, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ సెటప్ అందులోకి ఎక్కించి, దానితో బూట్ చేయండి. భాష అడిగే తెర రాగానే షిఫ్ట్+ఎఫ్10 నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. ఇన్‌స్టాల్ బటన్ ముట్టుకోవద్దు. కింది కమాండ్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి:

డిస్క్‌పార్ట్
లిస్ట్ వాల్యూమ్
సెలెక్ట్ వాల్యూమ్ 3
అసైన్ లెటర్=ఎస్
ఎగ్జిట్
బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్ఐ

3 అన్నది ఉదాహరణకే. మీరు వెతకాల్సింది ఫ్యాట్32 అని ఉన్న చిన్న వాల్యూమ్. తరచూ 100 లేదా 260 ఎంబీ ఉంటుంది. పెన్‌డ్రైవ్ కూడా ఫ్యాట్32గానే కనబడుతుంది కాబట్టి సైజు చూసి ఎంచుకోండి. విండోస్ డ్రైవ్ ఇక్కడ సీ బదులు డీ అయి ఉండొచ్చు, అది కూడా ఆ జాబితాలోనే తెలుస్తుంది. బిట్‌లాకర్ ఉంటే ఆ డ్రైవ్‌ని కీతో అన్‌లాక్ చేశాకే చివరి కమాండ్ పనిచేస్తుంది. లోపలి డిస్కే కనబడకపోతే అది చెడిపోయిందని అనుకోకండి. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో వీఎండీ (ఇంటెల్ స్టోరేజ్ కంట్రోలర్) డ్రైవర్ లోడ్ చేస్తే గానీ సెటప్‌కి డిస్క్ కనబడదు.

పెన్‌డ్రైవ్ కాక వేరే ఫ్యాట్32 వాల్యూమే లేదంటే ఉబుంటుతో పాటు ఈఎఫ్ఐ పార్టిషన్ కూడా ఎగిరిపోయినట్టు. ఉబుంటు వదిలిన ఖాళీ ఎలాగూ ఉంది. డిస్క్‌పార్ట్‌లో సెలెక్ట్ డిస్క్‌తో సరైన డిస్క్ ఎంచుకుని, క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్ఐ సైజ్=260, ఫార్మాట్ క్విక్ ఎఫ్ఎస్=ఫ్యాట్32, అసైన్ లెటర్=ఎస్ కొట్టి, ఎగ్జిట్ అయి అదే బీసీడీబూట్ నడపండి. ఇక్కడ ఫార్మాట్ అయ్యేది ఆ కొత్త 260 ఎంబీ మాత్రమే.

పాత లెగసీ మెషీన్లలో (ఈఎఫ్ఐ లేకుండా పాత బయోస్ పద్ధతిలో బూట్ అయ్యేవి) తెర మీద తరచూ ‘గ్రబ్ రెస్క్యూ’ అని వస్తుంది. వాటికి ఇదంతా వర్తించదు. అదే పెన్‌డ్రైవ్ రిపేర్ ఆప్షన్‌లోని కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్ కొడితే చాలావాటికి సరిపోతుంది.

విండోస్ వచ్చాక గడియారం అయిదున్నర గంటలు వెనక ఉంటే, అది ఉబుంటు టైమ్‌ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాసి వెళ్లిన గుర్తు. సెట్టింగుల్లో ‘సింక్ నౌ’ నొక్కండి. ఖాళీ జాగాని సీ డ్రైవ్‌లో కలపబోతే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ బూడిద రంగులో ఉందంటే, ఆ జాగా సీకి ఆనుకుని కుడివైపున లేదన్నమాట. మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డుంటే దాన్ని తీసేయకుండా, ఖాళీ జాగాని విడిగా ఇంకో డ్రైవ్‌గా చేసుకోండి.