పల్లీలు పడని బిడ్డ, పెళ్లిళ్ల కెమెరా

మా బిడ్డకు పల్లీలు, నువ్వులు పడవు. నేనేమో హన్మకొండలో పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ని. మన దిక్కు ఈ రెండూ లేని విందు ఎక్కడిది? భోజనాలయ్యాక అదే చేత్తో కెమెరా బెల్ట్ పట్టుకుని ఇంటికొస్తే, పిల్ల ఉరికొచ్చి దాన్నే మెడలో వేసుకునేది. మూతి చుట్టూ దద్దుర్లు అక్కడినుంచే.

శానిటైజర్‌తో పల్లీ ప్రొటీన్ పోదు, సబ్బు నీళ్లో తడి వైప్సో కావాలి. ఇప్పుడు ఫంక్షన్‌కు నా టిఫిన్ డబ్బా నాదే. గుడ్డ బెల్ట్ తీసేసి, తుడిస్తే పోయే రబ్బరుది వేశా. కారెక్కే ముందే గ్రిప్పు, షట్టర్ బటన్ తడి వైప్స్‌తో తుడుస్తా.

అలర్జీ ముదిరి ప్రాణం మీదికొస్తే ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ మాత్రం కెమెరా బ్యాగులో పెట్టను. మే ఎండకు కారులో పాడవుతుంది, పైగా అది పిల్ల దగ్గర ఉండాల్సింది. తొడ బయటి వైపు ఎట్లా ఇవ్వాలో డాక్టరమ్మ మా అత్తమ్మకూ నేర్పింది. ఇచ్చాక తగ్గినట్టున్నా ఆసుపత్రికి పోవాల్సిందే. కొన్ని గంటలకు మళ్లీ తిరగబెట్టొచ్చు.

సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర షూట్ ఒప్పుకోను. డబ్బులు మంచిగనే వస్తయి, కానీ ఆ రోజు ఎవరి చేతిలో చూసినా పల్లీలు, నువ్వుల సత్తుపిండే. ఇంట్లోనే రొట్టె, బెల్లంతో మలీద ముద్దలు చేసుకుంటాం.