పాత ఫోనులోని రింగ్‌టోన్లు బయటికి తీసే ముందు

సొరుగులో మూలపడిన నోకియా 1100నో, ఎన్73నో వదిలించుకునే ముందు అందులోని మోతలను కంప్యూటర్‌లోకి ఎక్కించి దాచుకోవాలని చాలామంది అనుకుంటారు. మంచి ఆలోచనే. అయితే ఈ పనిలో ఫోను పాడైందంటే కారణం దాదాపు ఎప్పుడూ తొందరే. ముందే కేబుల్ గుచ్చి, ఎక్కడో దొరికిన సాఫ్ట్‌వేర్ నడిపి, ఫోను నోరు మూతపడ్డాక తల పట్టుకుంటారు. ఈ వరుసను తిరగేయాలి. ముందు ఫోనును మోగించి రికార్డు చేయండి. ఆ తర్వాత ఫోను తనంతట తాను ఇచ్చే ఫైళ్లు తీసుకోండి. ఫోనును నడిపే సాఫ్ట్‌వేర్ ఉండే దాని ఫ్లాష్ మెమరీ జోలికి వెళ్లడం అన్నిటికన్నా చివరి మాట. వెళ్లకుండా సరిపెట్టుకోగలిగితే మరీ మంచిది.

బ్యాటరీతో మొదలు

ఏళ్ల తరబడి కదలని లిథియం అయాన్ బ్యాటరీని తీసి నేరుగా ఛార్జింగ్‌కు పెట్టకండి. దాన్ని నున్నటి బల్ల మీద పడుకోబెట్టి వేలితో తిప్పి చూడండి. బొంగరంలా గిర్రున తిరిగిందంటే ఉబ్బిందని అర్థం. ఉబ్బినదాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, ఛార్జ్ చేయకూడదు, ఇంటి చెత్తలో కలపకూడదు. ఈ-వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించాలి. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు బయటపడ్డ పాత సామానుతో పాటు దీన్నీ భోగి మంటలో వేసే పని మాత్రం ఎవరూ చేయకండి. లిథియం బ్యాటరీ మంటలో పేలుతుంది.

నోకియా బీఎల్-5సీ రకం బ్యాటరీ వాడే ఫోన్లకు ఇంకో సంగతి ఉంది. 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు వరకు జపాన్ కంపెనీ మత్సుషితా తయారుచేసిన 4.6 కోట్ల బీఎల్-5సీ బ్యాటరీలు ఛార్జింగ్ సమయంలో అతిగా వేడెక్కే అవకాశం ఉందని, కావాలన్నవారికి మార్చి ఇస్తామని 2007 ఆగస్టులో నోకియా ప్రకటించింది. ఆ కాలం నాటి బ్యాటరీ మీ ఫోనులో ఇంకా ఉంటే దానితో ప్రయోగాలు వద్దు. చిన్న రేడియోల్లో, భక్తి పాటల పెట్టెల్లో ఇదే రకం వాడతారు కాబట్టి ఫోను రిపేరు దుకాణాల్లో కొత్తది ఇప్పటికీ దొరుకుతుంది. కొత్తదాన్నైనా మొదటిసారి పరుపు మీద కాకుండా గచ్చు మీద, కంటి ఎదుట పెట్టి ఛార్జ్ చేయండి. చేతికి చురుక్కుమంటే వెంటనే తీసేయండి.

వానాకాలాలు చూసిన ఫోన్లలో బ్యాటరీ తగిలే రేకుల మీద పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే స్విచ్ నొక్కాలి. నీళ్ల తడి తగలనివ్వకూడదు.

ఫోను వెలిగాక చేయకూడనివి

నోకియా ఫోనులో *#0000# నొక్కితే సాఫ్ట్‌వేర్ వెర్షన్ కనిపిస్తుంది. రాసుకోండి, ఫైళ్లకు పేర్లు పెట్టేటప్పుడు పనికొస్తుంది. కానీ ‘రహస్య కోడ్‌లు’ అంటూ తిరిగే జాబితాలన్నీ వరుసగా నొక్కి చూసే సరదా మానుకోండి. ఎన్73 లాంటి ఎస్60 రకం ఫోన్లలో *#7370# అనేది ఫోను మెమరీని మొత్తం తుడిచేస్తుంది. *#7780# సెట్టింగులను మొదటికి తెస్తుంది. కంపెనీ పెట్టిన రింగ్‌టోన్లు ఫోను మెమరీ తుడిచినా పోకపోవచ్చు గానీ, మీ నాన్నగారు ఫోనులోనే టోన్లు కట్టుకునే కంపోజర్‌లో ఒక్కొక్క స్వరం నొక్కి తయారుచేసిన పాట, ఎప్పుడో రికార్డు చేసిన అమ్మమ్మ గొంతు పోతాయి. నిజానికి మీరు కాపాడుకోవలసింది అవే. కంపెనీ టోన్లు అదే మోడల్ ఫోన్లు వేరేచోట ఉన్నాయి కాబట్టి మళ్లీ దొరుకుతాయి, ఇవి దొరకవు. అందుకే వీటిని ముందు తీయండి.

సెక్యూరిటీ కోడ్ అడిగితే నోకియాలో మొదట ఉండేది 12345. అది కాకపోతే ఊహించుకుంటూ వరుసగా కొట్టకండి, తప్పు కోడ్‌లు ఎక్కువైతే ఫోను కాసేపు ఏదీ తీసుకోదు.

రికార్డు చేయడం చిన్నచూపు చూసే పని కాదు

ఫైలు దొరికితే అసలైనది దొరికినట్టే అనుకుంటారు గానీ, చాలా పాత ఫోన్ల విషయంలో అది నిజం కాదు. నోకియా ఫోన్లలో 2002 నాటి 3510తో వచ్చిన పాలిఫోనిక్ టోన్లు మిడి ఫైళ్లు. మిడి ఫైలులో శబ్దం ఉండదు. ఏ స్వరం, ఎంతసేపు, ఏ వాయిద్యం అన్న సూచనలే ఉంటాయి. ఆ సూచనలు చదివి మోగించే వాయిద్యాలు ఫోనులోనే ఉంటాయి. అదే ఫైలును కంప్యూటర్‌లో తెరిస్తే కంప్యూటర్ తన వాయిద్యాలతో మోగిస్తుంది. వరుస అదే, గొంతు వేరు. శామ్‌సంగ్, ఎల్‌జీ ఫోన్లలో చాలావాటికి యమహా చిప్పు ఉండేది. వాటి ఎంఎంఎఫ్ ఫైళ్లను మామూలు ప్లేయర్లు తెరవనే తెరవవు. కాబట్టి ఫైలు చేతికి వచ్చినా ఫోను మోగిన రికార్డు ఒకటి తప్పకుండా ఉండాలి.

రికార్డింగ్‌కు ముందు సిమ్ తీసేయండి, లేదా ఆఫ్‌లైన్ ప్రొఫైల్ పెట్టండి. 2జీ ఫోను టవరుతో మాట్లాడేటప్పుడు దాని రేడియో సెకనుకు సుమారు 217 సార్లు వెలిగి ఆరుతుంది. పూర్వం ఫోను వచ్చే ముందు టీవీ స్పీకరులో వినిపించిన ఆ ‘టిట్టిటిట్’ గోల అదే. మైకు వైరులోకి ఒకసారి చొరబడితే దాన్ని తర్వాత శుభ్రంగా తీసేయడం కష్టం.

వైబ్రేషన్ ఆపండి. శబ్దం క్రమంగా పెరిగే పద్ధతి ఎంచి ఉంటే మామూలుగా మోగే పద్ధతికి మార్చండి, లేకపోతే మొదటి కొన్ని స్వరాలు వినపడీ వినపడనట్టు వస్తాయి. ఫోనును మడిచిన తువ్వాలు మీద పెట్టండి, బల్ల మీద పెడితే బల్ల కూడా మోగుతుంది. చాలా మోడళ్లలో స్పీకరు వీపున ఉంటుంది, అది ఎటుందో చూసి మైకును అటే పెట్టాలి. ఫ్యాను ఆపి, వంటింట్లో కుక్కర్ దించాక మొదలుపెట్టండి. వేవ్ ఫార్మాట్‌లో, మీటరు ఎర్ర గీతకు బాగా కిందనే ఉండేలా తీయండి. టోను రెండుసార్లు తిరిగేవరకు ఆగండి, అప్పుడే చుట్టు ఎక్కడ కలుస్తుందో తెలుస్తుంది. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు వేసేవాళ్లు కంప్యూటర్‌లో లైన్-ఇన్‌కే కలపాలి. మైకు రంధ్రానికి కలిపితే శబ్దం చీలిపోతుంది.

కేబుళ్లు, కార్డులు, ఆండ్రాయిడ్

బ్లూటూత్‌లో పంపబోతే కొన్ని టోన్లకు ‘పంపు’ అన్న ఎంపికే కనిపించదు. అది కాపీహక్కుల తాళం, ఫోను పాడైనట్టు కాదు. ఎస్60 ఫోన్లలో కంపెనీ టోన్లు జడ్ డ్రైవ్‌లో ఉంటాయి. అది చదవడానికే తప్ప రాయడానికి వీలులేని చోటు కాబట్టి, ఫైల్ మేనేజర్‌తో అక్కడి నుంచి మెమరీ కార్డుకు కాపీ చేయడంలో పెద్ద ప్రమాదం లేదు. కార్డు మాత్రం 2 జీబీ లోపు పాతదే వాడండి. ‘కార్డును ఫార్మాట్ చేయాలా’ అని ఫోను గానీ కంప్యూటర్ గానీ అడిగితే వద్దనే చెప్పండి.

పాత నోకియా ఫోన్లను కంప్యూటర్‌కు కలపడానికి సీఏ-42 పేరుతో అమ్మే కేబుళ్లలో నకిలీ చిప్పులు చాలా ఉన్నాయి. కొత్త విండోస్‌లో వాటికి అసలు కంపెనీ డ్రైవరు పనిచేయనంటుంది. అప్పుడు పాత డ్రైవరు కోసం ఊరూ పేరూ లేని చోట్ల వెతుకుతారు, వైరస్‌లు దిగేది అక్కడే. సొంతంగా వైర్లు అతికేవారికి ఒక హెచ్చరిక: ఫోను వైపు ఉండేది మూడు వోల్టుల వ్యవహారం. కంప్యూటర్ వెనకుండే పాత సీరియల్ పోర్టును నేరుగా కలిపితే ఫోను కాలిపోతుంది.

ఆండ్రాయిడ్‌లో పని సులువు. సిస్టమ్ ఫోల్డరులో మీడియా, దానిలో ఆడియో తెరిస్తే రింగ్‌టోన్లు, అలారాలు విడివిడిగా ఓజీజీ ఫైళ్లుగా కనిపిస్తాయి. చాలా ఫోన్లలో వీటిని ఏడీబీ అనే కంప్యూటర్ సాధనంతో కాపీ చేయడానికి రూట్, అంటే ఫోను వ్యవస్థ మీద పూర్తి అధికారం, అక్కర్లేదు. ఎవరైనా రూట్ చేయమంటే వినకండి. పని ముగిశాక, ఏడీబీ కోసం ఫోనులో తెరిచిన యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆపేయండి. ఈలోగా ఫోనుకు వైఫై ఇచ్చి అప్‌డేట్ కానివ్వకండి, పాత టోన్ల స్థానంలో కొత్తవి వచ్చి కూర్చోవచ్చు.

ఫ్లాషింగ్

నోకియా ఎస్40 రకం బటన్ ఫోన్ల ఫర్మ్‌వేర్‌లో, అంటే ఫోనును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌లో, పీపీఎం అనే భాగంలో భాషలతో పాటు రింగ్‌టోన్లూ ఉంటాయి. దాని కోసం ఫోనుకు, ఫ్లాష్ మెమరీని నేరుగా చదివి రాసే ఫ్లాషర్ పెట్టె తగిలించేవాళ్లున్నారు. మధ్యలో కరెంటు పోయినా, కేబుల్ కదిలినా ఫోను చచ్చినట్టే. పైగా ఆ పెట్టెలు ఫోను గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ ఉండే చోటును కూడా తాకగలవు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం ఆ గుర్తింపు సంఖ్యను మార్చితే మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఒక టోను కోసం ఇంత దూరం పోవడం నాకైతే తెలివైన పనిగా తోచదు.

తీసినవాటిని మీ ఫోనులో మోగించుకోవడం వేరు, లోకానికి పంచడం వేరు. నోకియా ట్యూన్ మూలం ఫ్రాన్సిస్కో తారెగా అనే స్పెయిన్ స్వరకర్త 1902లో రాసిన గిటారు వాల్ట్జ్‌లో ఉంది. ఆ రచన పాతదైనా ఆ చిన్న ముక్క నోకియా ట్రేడ్‌మార్కు. పంచే ఫైళ్ల పేర్లలో మోడల్, వెర్షన్ చాలు, ఐఎంఈఐ పెట్టకండి.

ఇక ఫోను వదిలించుకోవాలంటే, పాత సెల్‌ఫోన్లకు ప్లాస్టిక్ సామాన్లు ఇస్తామంటూ వీధుల్లో తిరిగేవారికి ఇవ్వకండి. అవి ఎవరి చేతికి చేరి ఏ మోసానికి వాడబడతాయో చెప్పలేం. సిమ్, కార్డు తీసి, రికార్డులన్నీ వేరే పరికరంలో చివరిదాకా విని, రెండు చోట్ల దాచాకే ఈ-వ్యర్థాల కేంద్రానికి పంపండి. సగంలో తెగిపోయిన ఫైలు సంగతి ఫోను చేయిదాటాక తెలిస్తే చేయగలిగేదేమీ ఉండదు.